చిల్లకల్లులో ఆరని మెరుపు

జగ్గయ్యపేట వెళ్ళొచ్చానని చెబితే మా అపార్ట్‌మెంటులో ఇద్దరు ముగ్గురు ఒకే ప్రశ్న వేశారు: సిమెంటు పని మీదా, మిర్చి పని మీదా అని. కంటి పని మీద అన్నాను. అక్కడ అంత పెద్ద కంటాసుపత్రి ఏముందన్నారు. నేను వెళ్ళింది ఆసుపత్రికి కాదు, ఒక ఇంటికి. నేను డాక్టర్ని కూడా కాను. ఆ సంగతి నాకు సరిగ్గా గుర్తుండి ఉంటే ఈ ప్రయాణం ఒక్క రోజులో ముగిసేది.

నా చదువు జీవభౌతిక శాస్త్రం. వెలుగు పడ్డప్పుడు కంటి వెనక పొరలోని కణం ఎలా స్పందిస్తుందో, ఆ స్పందన నరాల్లోకి ఎలా ప్రవహిస్తుందో కొలవడం నా వృత్తి. మొదట కప్పల కళ్ళతో మొదలుపెట్టి చేపలకూ, ఎలుకలకూ వచ్చాను. ఈ రంగంలో చాలామంది స్పందన ఎలా మొదలవుతుందో చూస్తారు. నేను అది ఎలా ఆరిపోతుందో చూశాను. ఒక మెరుపుని చూసిన కణం ఆ మెరుపుని వదిలించుకుంటేనే రెండోదాన్ని చూడగలదు. మామూలు కంటికి అది క్షణాల పని. ఆ క్షణాల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది.

విజయవాడలో ఒక నర్సింగు కాలేజీలో ఈ విషయం మీదే మాట్లాడాను. అది విన్న రత్నకుమారి అనే అమ్మాయి కొన్నాళ్ళకు ఫోను చేసింది. వాళ్ళది జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు. నర్సింగు పూర్తయింది, విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, వచ్చే సోమవారం చేరాలి. కానీ ఎండలోంచి గదిలోకి వస్తే ఆమెకు కాసేపు ఏమీ కనిపించదు. ఎవరైనా మొహం మీద టార్చి వేస్తే ఎదుటి మనిషి మాయమవుతాడు. వాళ్ళ మేనమామకు చీకట్లో తడుముకోవడంతో మొదలై ముప్పై ఏళ్ళకే చూపు పోయింది. తనకూ అలాగే పోతుందేమో తెలియాలి. పోయేదే అయితే ఉద్యోగంలో చేరనంది. ఒక మందు బదులు ఇంకో మందు ఎక్కిస్తే తన చేతుల్లో మనిషి పోతాడని ఆమె భయం.

హైదరాబాదు వచ్చి పెద్ద ఆసుపత్రిలో చూపించుకోమని గట్టిగా చెప్పాల్సింది. చెప్పాను, గట్టిగా కాదు. ఆమె వెనకాడుతుంటే, నా దగ్గరున్న పరికరం తీసుకుని నేనే వస్తానన్నాను. సాయం చెయ్యాలన్న కోరిక అందులో ఉంది. నా పనితనం ఒకసారి మనుషుల మధ్య చూపించుకోవాలన్న సరదా కూడా ఉంది. రెండోది కాస్త ఎక్కువేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

జగ్గయ్యపేట: కారం

బస్సు దిగేసరికి ఎండ అప్పుడే మాడుస్తోంది. స్టాండు పక్క హోటల్లో ఇడ్లీ ముప్పై రూపాయలు. అడక్కుండానే పైన కారప్పొడి చల్లి నెయ్యి వేశాడు. మాది కర్నూలు వైపు. మా దగ్గర సర్వరు "ఏం కావాల?" అంటాడు. ఇక్కడ నీళ్ళ గ్లాసు పెట్టే మనిషి కూడా "తీసుకోండి, ఇంకోటి వెయ్యమంటారా అండీ" అంటుంటే ముందు ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాను. తరవాత చూస్తే ఆయన తన మేనల్లుణ్ణి కూడా అలాగే పిలుస్తున్నాడు. కోదాడ అవతలి మాటలు కూడా మధ్యమధ్యలో వినిపిస్తాయి. సరిహద్దు ఊళ్ళో రెండు యాసలూ ఒకే బల్ల మీద టిఫిను చేస్తాయి.

చిల్లకల్లుకి ఆటో మాట్లాడుకున్నాను. దారి పక్కన కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. దిగి చూడాలనిపించింది. గుప్పెడు తీసుకుని రంగు చూశాను, గింజ చూశాను, ఒకటి విరిచి వాసన చూశాను, తుమ్మాను. ఆ చేత్తోనే కన్ను తుడుచుకున్నాను.

తరవాత కాసేపు జరిగింది నా వృత్తికి గౌరవం కాదు. ఆటో అతను నీళ్ళ సీసా మొత్తం నా మొహం మీద పోశాడు. ఏం పని మీద వచ్చారని అడిగాడు. కళ్ళు పరీక్ష చెయ్యడానికి అని చెప్పాక అతను చిల్లకల్లు వచ్చేదాకా నవ్వు ఆపుకోలేకపోయాడు. పాపం, బయటికి మాత్రం దగ్గుతున్నట్టు నటించాడు.

చిల్లకల్లు: దుప్పట్ల గది

రత్నకుమారి వాళ్ళది రెండు గదుల రేకుల ఇల్లు. తండ్రి యేసుపాదం సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పనికి వెళ్ళాడు. తల్లి మార్తమ్మ ఆ రోజు మిరప తొడిమలు తీసే పని మానుకుని నా కోసం ఇంట్లో ఉంది. రత్నకుమారి సన్నగా, నెమ్మదిగా ఉంది. మాట్లాడేటప్పుడు కళ్ళు చిన్నవి చేస్తుంది.

నా పరీక్షకు కావలసింది చీకటి. కిటికీకి దుప్పట్లు కట్టాం. మిరప మీద కప్పే టార్పాలిన్ తలుపుకి వేలాడదీశాం. రేకుల సందుల్లో పాత గుడ్డలు కుక్కాం. కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడాలంటే అరగంటకు పైగా అలా కూర్చోవాలి. ఆ తరవాత నూలుపోగంత సన్నని వెండి తీగ కింది రెప్ప అంచున ఆనించి, చిన్న దీపంతో మెరుపులు ఇస్తాను. కన్ను మెరుపుని చూసిన ప్రతిసారీ పుట్టే చిన్న విద్యుత్తు ల్యాప్‌టాప్‌లో లోయలా దిగి కొండలా లేచే గీతగా వస్తుంది. తెర వెలుగు కంట్లో పడకుండా దానికి ఎర్ర కాగితం అంటించాను.

చీకట్లో కూర్చున్న పది నిమిషాలకు తలుపు తెరుచుకుంది. టార్పాలిన్ పక్కనుంచి పట్టపగలు లోపలికొచ్చి పడింది. మార్తమ్మ టీ తెచ్చింది. తలుపు తియ్యకూడదని మర్యాదగా చెప్పి మళ్ళీ మొదటినుంచి కూర్చున్నాం. ఈసారి మజ్జిగ వచ్చింది. మూడోసారి వేడి వేడి బజ్జీలు. ఎందుకమ్మా అంటే, ఇంటికొచ్చిన మనిషిని చీకట్లో కూర్చోబెట్టి ఏమీ పెట్టకపోతే లోకం ఏమనుకుంటుందండీ అంది. మా ఊళ్ళోనూ అతిథికి పెడతారు గానీ, అతిథి వద్దంటే ఒకసారికి నమ్ముతారు. ఇక్కడ వద్దనడం కూడా మర్యాదలో భాగమని, అది వినకపోవడం అంతకంటే పెద్ద మర్యాదని నాకు తెలియదు.

నాకు చిరాకు వచ్చింది. పోయిన సమయం రాబట్టాలని మెరుపుల మధ్య విరామం తగ్గించేశాను. ఒకదాని వెంట ఒకటి ఇచ్చాను. రెప్ప అదిరినా, మనిషి కదిలినా వచ్చే చెత్త కలవకుండా అన్ని గీతలూ కలిపి సగటు చూడటం నాకు అలవాటు. సగటు గీత దాదాపు చదునుగా ఉంది. లోయ లేదు, కొండ లేదు.

దుప్పటి తీసేశాను. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. అప్పుడైనా ఆగాల్సింది.

"చీకట్లో చూపునిచ్చే కణాలు దాదాపు పని చెయ్యడం లేదమ్మా," అన్నాను. "మీ మావయ్యకి వచ్చిందే అయ్యుండాలి."

రత్నకుమారి ఏడవలేదు. కంటి కింద తీగ ఒరిపిడికి ఊరిన తడి తుడుచుకుని, "ఇంకా ఎన్నాళ్ళు కనిపిస్తుంది సార్?" అని అడిగింది.

చెప్పలేమన్నాను. ఆమె తలూపి నా తీగలన్నీ జాగ్రత్తగా చుట్టి పెట్టెలో పెట్టింది. మార్తమ్మ నాకు అన్నం పెట్టింది. గోంగూర, నాటుకోడి కూర. నేను తిన్నాను. కూర బాగుందని కూడా అన్నాను. ఈ ప్రయాణంలో నేను వెనక్కి తీసుకోగలిగితే ముందు ఆ మాట తీసుకుంటాను.

నందిగామ: మొదటి గీత

జగ్గయ్యపేటలో గది దొరక్క, సాయంత్రానికి నందిగామ చేరి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. రోడ్డు పక్కన బండి మీద పునుగులు, అల్లం చట్నీ. ప్లేటు నలభై. పక్కన నిలబడ్డ చందర్లపాడు రైతు ఒకాయన ఈసారి కాయకు పురుగు పట్టిన సంగతి, కౌలు పెరిగిన సంగతి వరసగా చెప్పుకొచ్చాడు. నా పేరు అడగనే లేదు. వెళ్తూ వెళ్తూ నా పునుగుల డబ్బులు తనే ఇచ్చేశాడు.

పొద్దున్నే టీ తాగుతూ నిన్నటి గీతలు తెరిచాను. సగటు కాదు, ఒక్కొక్కటీ విడివిడిగా. నాకు ఏదో పొసగడం లేదు. మేనమామకు వచ్చిన జబ్బే అయితే చీకట్లో తడుముకోవాలి. ఈ అమ్మాయి నిన్న ఆ గదిలో చీకటికి అలవాటు పడ్డాక, నేల మీద పెట్టిన మజ్జిగ గ్లాసు తడుముకోకుండా అందుకుంది.

మొదటి మెరుపుకి వచ్చిన గీత చక్కగా ఉంది. నిండు లోయ, నిండు కొండ. పాఠ్యపుస్తకంలో అచ్చువేసుకోవచ్చు. రెండోదానికి ఏమీ లేదు. మూడోదానికి లేదు. అక్కడినుంచి చివరిదాకా చదునే. ఒక్క మంచి గీతని అన్ని చదును గీతల్లో కలిపి నేనే ముంచేశాను.

కణాలు చచ్చిపోలేదు. మొదటి మెరుపు వాటిలో ఇంకా ఆరలేదు, అంతే. నేను కప్పల్లో, ఎలుకల్లో జీవితమంతా కొలిచిన ఆ ఆరడమే ఈమె కంట్లో చాలా నిదానంగా జరుగుతోంది. ఇలాంటి మనుషులు ఉన్నారని చదివాను గానీ ఎన్నడూ చూడలేదు. చూసిన రోజున గుర్తుపట్టలేదు.

ఇక్కడ ఇంకో మాట దాచకుండా రాయాలి. ఇది అర్థమవగానే నాకు ముందు కలిగింది సంతోషం. ఎంత మంచి పరిశోధన పేపరు అవుతుందో అనుకున్నాను. శీర్షిక కూడా తట్టింది. చిల్లకల్లులో ఒక ఆడపిల్ల గుడ్డిదాన్నయిపోతానని రాత్రంతా మేలుకుని ఉంటుందన్న ఆలోచన టీ చల్లారాక వచ్చింది. ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆటో ఎక్కాను.

మళ్ళీ చిల్లకల్లు: తాలు కాయ

మార్తమ్మ గుమ్మంలోనే ఆపింది. ఈసారి టీ మాట ఎత్తలేదు. రాత్రి పిల్ల అన్నం ముట్టలేదనీ, పొద్దున్నే ఆసుపత్రికి ఫోను చేసి ఉద్యోగం వద్దని చెప్పేసిందనీ చెప్పింది. వాళ్ళ పెద్ద నర్సమ్మ మాత్రం సోమవారం దాకా ఎవరికీ ఇవ్వను, ఆలోచించుకోమందట.

నా పరీక్షలో పొరపాటు జరిగిందనీ, చూపు పోయే జబ్బు కాదనిపిస్తోందనీ చెప్పాను.

"నిన్న పోయిన కళ్ళు ఇవాళ వచ్చినయ్యా సారూ?" అంది మార్తమ్మ.

పోలేదమ్మా, నేను సగటు చూశాను అన్నాను. సగటు అంటే ఏంటని అడిగింది. నాకు పరిభాష తప్ప ఇంకేమీ తోచలేదు. ఆమె చేతులు చూస్తే తొడిమలు తీసి తీసి గోళ్ళ చివర్లు ఎర్రబడి ఉన్నాయి. ఒక బస్తా మేలు కాయని, రంగు పోయిన తాలు కాయ బోలెడన్ని బస్తాల్లో కలిపేసి, చూశారా అంతా తాలే అన్నట్టు చేశానమ్మా అన్నాను.

ఆమెకు వెంటనే అర్థమైంది. "కలిపిందెవరు మరి?"

"నేనే."

"మేలు కాయ ఉందని చూడకుండానే కలిపావా?"

చూడలేదన్నాను. ఇంకా ఏదో అంటుందని నిలబడ్డాను. ఆమె గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

రత్నకుమారి లోపల గోడకి ఆనుకుని అంతా వింటోంది. మళ్ళీ పరీక్ష చేస్తానంటే వెంటనే ఒప్పుకోలేదు. నిన్న కూడా మీరు ఇలాగే నమ్మకంగా చెప్పారు సార్ అంది. నిజమే. నా గొంతు రెండు రోజులూ ఒకలాగే ఉంది. చివరికి ఒక షరతు పెట్టింది.

"ఈసారి మెరుపు నేను నొక్కుతా. గీత నాకు కూడా చూపించండి. తెలిసింది తెలిసినట్టు చెప్పండి, తెలియకపోతే తెలియదనండి."

నర్సింగు కాలేజీలో నేను గంట మాట్లాడాను. అందులో ఇంత సూటి మాట ఒక్కటీ లేదు.

నందిగామ: బాజీ గారి స్టూడియో

ఆ ఇంటి రేకుల్లో సందులు నిన్న ఎన్ని మూసినా వెలుగు తోసుకొస్తూనే ఉంది. నందిగామ బజార్లో పొద్దున్న ఒక పాత ఫోటో స్టూడియో బోర్డు చూసిన గుర్తు. ముగ్గురం బస్సెక్కాం. టిక్కెట్లు మార్తమ్మ తీసింది, నన్ను తియ్యనివ్వలేదు. కోపం వేరు, మర్యాద వేరు ఈ ఊళ్ళలో.

స్టూడియో యజమాని బాజీ గారికి అరవై దాటి ఉంటాయి. ఫిల్ములు కడిగిన గది ఇప్పటికీ ఉందా అని అడిగితే ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఫోన్లొచ్చాక ఆ గదిని అడిగిన మొదటి మనిషి మీరేనండి," అన్నారు. లోపల ప్లాస్టిక్ పూలు, కొండలూ జలపాతాలూ ఉన్న తెరలు, ఒక చెక్క గుర్రం ఉన్నాయి. అన్నీ ఆయనే బయటికి మోశారు. అద్దె ఇస్తానన్నా వినలేదు. పని అయ్యాక ముగ్గురూ ఒక ఫోటో దిగాలన్నది ఒక్కటే కోరిక.

మార్తమ్మ తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుంది. మధ్యలో బాజీ గారు కూల్ డ్రింకులు తెప్పించి లోపలికి ఇవ్వబోతే, ఆమె ఆయన్ని ఆపిన తీరు మాకు తలుపు ఇవతలికి కూడా వినిపించింది. చీకట్లో రత్నకుమారి మొదటిసారి చిన్నగా నవ్వింది.

నిండా చీకటికి అలవాటు పడ్డాక మీట ఆమె చేతికిచ్చాను. ముందు మెరుపు కంట్లో వదిలిన మచ్చ పూర్తిగా పోయిందనిపించాకే రెండోది నొక్కమన్నాను. నొక్కింది. గీత నిండుగా వచ్చింది. ఎర్రటి తెర వైపు చూసి ఊరుకుంది. ఆ తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నాకు నాలుక చివరిదాకా వచ్చింది, ఇక నొక్కమ్మా అని. నోరు మూసుకున్నాను. ఆ నిశ్శబ్దం నేను మామూలుగా ఇచ్చే విరామానికి ఎన్నో రెట్లు. అప్పుడు నొక్కింది. మళ్ళీ నిండు లోయ, నిండు కొండ. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే.

తరవాత ఆమె తనంతట తనే వెంటవెంటనే రెండుసార్లు నొక్కి చూసింది. రెండోది చదును.

"ఆగితే వస్తోంది," అంది.

"వస్తోంది."

"ఆగకపోతే రావట్లేదు. అంతేనా సార్?"

ఇంతవరకు అంతే అన్నాను. చిన్నప్పటి సంగతులు అడిగాను. స్కూల్లో బంతాటకి ఎవరూ పిలిచేవాళ్ళు కాదట. బంతి తన వైపు వస్తూ వస్తూ మధ్యలో మాయమైపోయేదట. అందరూ ధ్యాస లేని పిల్ల అన్నారు, తనూ అదే నమ్మింది. అంటే ఇది పుట్టుకతో వచ్చింది. మేనమామది చీకట్లో మొదలై పెరుగుతూ పోయిన జబ్బు. ఇది అది కాదు. తెలిసినంత మటుకు ఇది ఉన్నచోటే ఉంటుంది, ముదరదు. ఇదే అని తేల్చాల్సింది డాక్టర్లు, నేను కాదు. హైదరాబాదులో పరీక్షకు నేనే తీసుకెళతాను. రాత్రిపూట ఎదురు లైట్లలో బండి నడపడం మాత్రం ఎప్పటికీ వద్దు. ఇవన్నీ ఈసారి తెలిసింది తెలిసినట్టు, తెలియంది తెలియనట్టు చెప్పాను.

పేపరు సంగతి కూడా దాచలేదు. ఈ గీతలు వాడుకోనిస్తావా అని అడిగాను. "ముందు నన్ను ఉద్యోగంలో చేరనివ్వండి సార్, తరవాత మీ పేపరు," అంది.

తలుపు తీశాక ఆమె ముందు తల్లితో మాట్లాడలేదు. ఆసుపత్రికి ఫోను చేసింది. నా వైపు చూడకుండా, గొంతు తగ్గించకుండా అంతా చెప్పింది: చూపు ఉంది, వెలుగు మారినప్పుడు రావడానికి టైము పడుతుంది, ఎండలోంచి వస్తే కాసేపు ఆగాలి, ఇది తెలిసి పెట్టుకుంటేనే వస్తాను. అవతలివాళ్ళు చాలా ప్రశ్నలు అడిగినట్టున్నారు. ఆమె దేనికీ తడబడలేదు. చివరికి సోమవారం రమ్మన్నారు. వెలుగు ఎక్కువగా మారని ఆడవాళ్ళ వార్డులో పగటి డ్యూటీతో మొదలుపెట్టి చూద్దామన్నారట.

మార్తమ్మ స్టూలు మీదనుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. పొగుడుతుందేమో అనుకున్నాను, నా బుద్ధి అలాంటిది. "ఇంకోసారి ఎవరి పిల్లకైనా చెప్పేటప్పుడు ఒక రాత్రి ఆగి చెప్పు బాబూ," అంది. అలాగేనమ్మా అన్నాను. ముగ్గురం చెక్క గుర్రం పక్కన నిలబడి ఫోటో దిగాం.

జగ్గయ్యపేట: చెప్పుల కొట్టు

మర్నాడు మధ్యాహ్నం బస్సుకి నా తిరుగు ప్రయాణం. డ్యూటీకి తెల్ల బూట్లు కొనాలని రత్నకుమారి కూడా జగ్గయ్యపేట వచ్చింది. హైదరాబాదులో పరీక్షా, డాక్టర్ల మాటా తరవాతి నెలలో అయ్యాయి. నేను చెప్పింది నిజమేనన్నారు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఆ మధ్యాహ్నం సంగతి.

సంత రోజేమో, బజారు కిక్కిరిసి ఉంది. ఎండ తెల్లగా కాస్తోంది. చెప్పుల కొట్టు గుహలా పొడుగ్గా, లోపల ఒకే ఒక్క ట్యూబులైటుతో ఉంది. ఇలాంటి చోట్ల తను ఏం చేసేదో దారిలో చెప్పింది. గుమ్మంలో వంగి, చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు నటించేది. వెనక జనం తోస్తే కనిపించకుండానే లోపలికి నడిచేసేది. ఎన్ని బల్లలు తగిలాయో, ఎందరు కళ్ళు కనపడవా అన్నారో లెక్క లేదంది.

ఆ రోజు ఆమె వంగలేదు. గుమ్మం మధ్యలో నిటారుగా నిలబడింది. వెనక సంచులతో నలుగురైదుగురు ఆగిపోయారు. ఒకావిడ, "ఏమ్మా, పోతావా జరుగుతావా?" అంది. కొట్టతను లోపలినుంచి రండి రండి అని చెయ్యి ఊపుతున్నాడు. ఆ చెయ్యి ఆమెకు కనిపించడం లేదని అక్కడున్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్దామని ఒక అడుగు వేసి ఆగిపోయాను.

"ఒక్క నిమిషం ఆగండి," అంది ఆమె వెనక్కి తిరక్కుండా. "నా కళ్ళు సర్దుకోవాలి. అయ్యాక వెళ్తా."

సంచులావిడ సంచులు కింద పెట్టింది. అందరూ ఆగారు. ఎవరో పిల్లను చంక మార్చుకున్నారు. రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. తొందరపడమని ఎవరూ అనలేదు.

కాసేపటికి ఆమె కళ్ళు అరల మీద కుడినుంచి ఎడమకు నెమ్మదిగా కదిలాయి. గుమ్మం దాటి, దారిలో ఉన్న బల్లని పక్కకి తప్పుకుని లోపలికి నడిచింది. పై అరలో మూడో జత చూపించి, అది ఆరో నంబరులో ఉందా అని అడిగింది.